గొంతు పెంచకుండా కదిలించే కథ రాయడం ఎలా: అడుగడుగునా ఒక మార్గదర్శి

ఒక కథలో తల్లి చనిపోయింది. కొడుకు గుండెలు బాదుకుని ఏడ్చాడు. రచయిత ఆ ఏడుపుని పేజీన్నర రాశాడు. చదివినవాళ్ళకి ఏమీ అనిపించలేదు. ఇంకో కథలోనూ తల్లి చనిపోయింది. రాత్రి ఎనిమిదింటికి ఆవిడ ఫోన్‌లో మాత్ర వేసుకోమని అలారం మోగింది. కొడుకు దాన్ని పూర్తిగా ఆపెయ్యలేదు. పది నిమిషాల తర్వాత మళ్ళీ మోగేలా నొక్కి పక్కన పెట్టాడు. కథ వేరే పనిలోకి వెళ్ళిపోయింది. చదివేవాడు మాత్రం ఆ ఫోన్ దగ్గరే ఉండిపోయాడు.

మొదటి రచయిత మనసు లేనివాడేం కాదు. బహుశా రెండోవాడికంటే ఎక్కువ బాధపడే రాసి ఉంటాడు. తేడా అంతా పనితనంలో ఉంది. పనితనం కాబట్టి నేర్చుకోవచ్చు.

ఈ సంగతి మన పాత లాక్షణికులకి బాగా తెలుసు. 11వ శతాబ్దపు కశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాలు, అంటే రసం పండకుండా చేసే తప్పులు, చెప్పేటప్పుడు, రసాన్నీ భావాన్నీ వాటి పేర్లతోనే చెప్పెయ్యడాన్ని దోషంగా లెక్కపెట్టాడు. శోకం అని రాస్తే శోకం పుట్టదు. దానికి కారణమేమిటో, అది మనిషిలో ఎలా బయటపడిందో రాస్తే పుడుతుంది. ఇవాళ కథల వర్క్‌షాపుల్లో కొత్త సూత్రంలా చెప్పే మాటకి వెయ్యేళ్ళ వయసుంది.

అయితే మొదట్లోనే ఒక చిక్కు ఉంది. నిగ్రహం అంటే అస్పష్టత అనుకునేవాళ్ళు చాలామంది. పాత్రలకి ఏం జరిగిందో చెప్పరు, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పరు, చివరికి ఒకామె కిటికీలోంచి బయటకి చూస్తుంది. కథ అయిపోతుంది. అర్థం కాలేదంటే 'మీరే ఊహించుకోవాలి' అంటారు. నేనూ కొన్నేళ్ళు ఇలాంటివే రాశాను, ఎవరూ ఏమీ ఊహించుకోలేదు. నాకు చివరికి తెలిసిందేమిటంటే, దాచవలసింది పాత్ర స్పందనని. సమాచారాన్ని దాచకూడదు. ఇక్కడ చెప్పబోయే అడుగులన్నీ ఈ ఒక్క ముక్క నుంచే వచ్చాయి.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. అమ్మ పోయింది. ఆరేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములిద్దరూ ఆవిడ బీరువాని మేడ మీది నుంచి కిందకి దించాలి. కథ అంతే.

1. ముందు గట్టిగా రాసెయ్యండి

మొదటి ప్రతిలో నిగ్రహం గురించి ఆలోచించకండి. వేరే కాగితం తీసుకుని, ఎవరికీ చూపించనన్న ధైర్యంతో, పాత్రల మనసులో ఉన్నదంతా కుమ్మరించండి. తమ్ముడు అన్నని ఏమని తిట్టాలనుకుంటున్నాడు? ఆరేళ్ళ కింద అసలు గొడవ దేనికి? ఎవరిది తప్పు? అమ్మ ఆఖరి రోజుల్లో ఎవరు ఎన్నిసార్లు వచ్చారు? ఎవరు రాలేదు, ఎందుకు? ఏడుపులు, శాపాలు, క్షమాపణలు, అన్నీ రాయండి.

ఇది రాయకుండా నేరుగా తగ్గించి రాయబోతే ఏమవుతుందో అమెరికన్ రచయిత హెమింగ్వే చెప్పాడు. 1932లో ఆయన ఇచ్చిన మంచుకొండ పోలిక అందరికీ తెలిసిందే: కొండలో ఎనిమిదో వంతే నీటి పైన కనిపిస్తుంది, దాని కదలికలోని హుందాతనం అందువల్లే. దాని పక్కనే ఆయన అన్న మాటని మాత్రం చాలామంది మర్చిపోతారు. తెలిసి వదిలేసిన సంగతి పాఠకుడికి అందుతుందట. తెలియక వదిలేస్తే అక్కడ బోలుతనం మిగులుతుందట. గొడవ దేనికో మీకే తెలియకపోతే, అన్నదమ్ముల మౌనం ఉత్త మౌనంగానే ఉంటుంది.

ఆ కాగితాన్ని పారెయ్యకండి. చివర్లో దానితో పని ఉంది.

2. పాత్రల చేతికి పని ఇవ్వండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే అడుగు ఇదే. ఇద్దరిని ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చోబెడితే వాళ్ళు మనసు విప్పి మాట్లాడక తప్పదు, వేరే పని లేదు కాబట్టి. చేతిలో పని పెట్టండి. అప్పుడు బాధ తిన్నగా బయటకి రాలేక పనిలోంచి దారి వెతుక్కుంటుంది.

ఏ పని పడితే ఆ పని సరిపోదు. సిగరెట్ వెలిగించడం, వర్షాన్ని చూడటం, గ్లాసు అంచు మీద వేలు తిప్పడం పనులు కావు. రచయితకి ఏం రాయాలో తోచనప్పుడు వచ్చే కదలికలు అవి. కథకి పనికొచ్చే పనికి దాని సొంత కష్టం ఉంటుంది. సరిగ్గా చెయ్యకపోతే ఏదో విరుగుతుంది, ఆలస్యమవుతుంది, దెబ్బ తగులుతుంది. దానికి మొదలూ చివరా ఉంటాయి. ఇంకా మంచి పని అయితే ఇద్దరు లేకుండా జరగదు, పైగా మాట్లాడకుండా జరగదు.

బీరువా దించడంలో ఇవన్నీ ఉన్నాయి. ఇష్టం ఉన్నా లేకపోయినా 'ఆగు', 'తిప్పు', 'నీ వైపు ఎత్తు' అనాల్సిందే. ఆరేళ్ళ తర్వాత వాళ్ళ మొదటి మాటలు అవి. మెట్ల మీద సామాను దించిన ఎవరికైనా తెలిసిన ఇంకో విషయం కూడా ఉంది. బరువు ఎక్కువగా కింద వైపు పట్టుకున్నవాడి మీదే పడుతుంది. మరి కింద ఎవరు పట్టుకోవాలి? ఈ ప్రశ్నలోనే కథ ఉంది. దాన్ని నేను కల్పించలేదు, పనిలోనే దొరికింది. అందుకే మీరు ఎంచుకున్న పనిని ఒకసారి నిజంగా చేసి చూడండి, కుదరకపోతే చేసేవాళ్ళని అడగండి. చెయ్యి ఎక్కడ నలుగుతుంది, ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకోవాలి, ఎక్కడ ఇద్దరి లెక్క తప్పుతుంది లాంటి వివరాలు బల్ల దగ్గర కూర్చుంటే తోచవు.

3. వాస్తవాలు మొదటి పేరాలోనే చెప్పండి

'అమ్మ పోయి నెల అయింది. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి. బీరువా పెద్దవాడి ఇంటికి వెళ్తుంది. అన్నదమ్ములు మాట్లాడుకుని ఆరేళ్ళు. బీరువా దించడానికి ఇద్దరు కావాలి.'

అయిదు చిన్న వాక్యాలు. ఒక్క విశేషణం లేదు. ఇందులో ఏదైనా చివర్లో బయటపెట్టి పాఠకుణ్ణి ఆశ్చర్యపరుద్దామనిపిస్తుంది. అలా చెయ్యకండి. వాళ్ళు అన్నదమ్ములని చివర తెలిస్తే అది పొడుపుకథ అవుతుంది. మొదటే తెలిస్తే ప్రతి 'ఎత్తు', ప్రతి 'ఆగు' బరువెక్కుతూ వస్తుంది.

గొంతు ఎంత చల్లగా ఉండాలి? రష్యన్ కథకుడు చెహోవ్ 1892లో లిడియా అవీలోవా అనే రచయిత్రికి రాసిన ఉత్తరంలో, దీనుల గురించి రాస్తూ పాఠకుడికి జాలి కలగాలనుకుంటే మరికాస్త చల్లగా ఉండమని సలహా ఇచ్చాడు. ఆ చల్లదనం వాళ్ళ దుఃఖానికి వెనక తెరలా పనిచేసి దాన్ని స్పష్టంగా కనపడేలా చేస్తుందని ఆయన లెక్క. చల్లదనం అంటే పాత్రల మీద ప్రేమ లేకపోవడం అనుకోకూడదు. ఆయన చదువు రీత్యా డాక్టరు. రోగి మంచం పక్కన డాక్టరు ఏడిస్తే రోగికి ఏమవుతుందో ఆయనకి తెలిసే ఉంటుంది.

4. వస్తువుని దాని పని చెయ్యనివ్వండి

దీని గురించి ఎక్కువ చెప్పను. బీరువా బీరువాలాగే ఉండాలి: ఇరుక్కోవాలి, గీసుకోవాలి, కిర్రుమనాలి. అది అమ్మకి ప్రతీక అని పాఠకుడికి గుర్తుచేసే వాక్యం ఒక్కటి రాసినా పోయింది. తలుపు తెరవగానే అమ్మ చీర వాసన, అడుగున పాత ఫొటో, ఎప్పుడూ పోస్టు చెయ్యని ఉత్తరం, ఇవన్నీ లక్షసార్లు దొరికేశాయి. ఒంటరివాడు పొరపాటున రెండు కప్పులు పెట్టుకునే కథ కూడా ఇక చాలు. మా బీరువాకి తాళం వేసి ఉంది. కథ అయ్యేదాకా ఎవరూ తెరవరు.

5. మాటలు పని గురించే, భారం చివరి అక్షరాల్లో

తెలుగులో రాసేవాళ్ళకి ఇక్కడ ఒక అదృష్టం ఉంది. మన భాషలో బంధం, దూరం, అలక, చనువు అన్నీ చిన్న చిన్న ముక్కల్లో దాక్కుని ఉంటాయి. వాటిని వాడుకోకుండా 'అతని గొంతులో బాధ ధ్వనించింది' అని రాయడం, చేతిలో సన్నటి సూది ఉండగా గునపంతో కుట్టబోవడమే.

పిలుపు సంగతి చూడండి. తమ్ముడు కథ మొత్తంలో 'అన్నయ్యా' అని పిలవడు. వేరేగా కూడా పిలవడు. అసలు పిలుపే లేకుండా నెట్టుకొస్తాడు: 'కొంచెం ఎడమకి', 'దించు', 'చాలు'. కోపం వచ్చిన ఇళ్ళలో మనుషులు ఇలాగే మాట్లాడతారు. పేరూ వరసా రెండూ మానేసి, గాలిలోకి మాట వదులుతారు. మూడో పేజీకి పాఠకుడు ఆ పిలుపు కోసం ఎదురుచూడటం మొదలుపెడతాడు, తను ఎదురుచూస్తున్నట్టు తనకే తెలియకుండా. నువ్వు అనేవాడు ఒక్కసారిగా మీరు అన్నా అంతే. ఆ ఒక్క మార్పు పక్కన 'కటువుగా అన్నాడు' అని రాయాల్సిన పని లేదు.

ఇక 'ట'. విన్నమాటని చెప్పేటప్పుడు మనం చేర్చే ఈ ఒక్క అక్షరం చాలా పని చేస్తుంది. 'ఆపరేషన్ అయింది' అంటే నాకు తెలుసు. 'ఆపరేషన్ అయిందట' అంటే ఎవరో చెప్పగా విన్నాను. ఎవరు చెప్పారు, ఎప్పుడు, నువ్వెందుకు అడిగావు అనే ప్రశ్నలన్నీ ఆ అక్షరం వెనక నిలబడి ఉంటాయి.

'లే', 'కదా', 'మరి', 'పోనీ' కూడా ఇలాంటివే. 'వస్తాను' వేరు, 'వస్తాలే' వేరు. మీరు రాసిన సంభాషణని బయటకి చదివి, ఇలాంటి ముక్కలు ఎక్కడెక్కడ పడాలో చెవితో పట్టుకోండి.

ఇంకోటి: ఎవరూ అడిగిన ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పనక్కర్లేదు. జవాబు ఉండాల్సిన చోట పని గురించిన మాట పెట్టండి.

6. ఒక్క చోట పగలనివ్వండి

మొదటి నుంచి చివరి దాకా బిగించి ఉంచితే కథ రాయిలా తయారవుతుంది. ఎక్కడో ఒక చోట లోపలిది కాస్త బయటకి కారాలి. అది చిన్నదిగా ఉండాలి, పని మధ్యలో రావాలి, వచ్చిన వెంటనే పాత్రలే దాన్ని దాటెయ్యాలి. మా కథలో అది ఇలా వచ్చింది:

మెట్ల దగ్గర బీరువా దించారు. అన్న కింద వైపుకి వెళ్ళబోయాడు.

'పైన పట్టు' అన్నాడు తమ్ముడు.

'ఎందుకు?'

'నడుముకి ఆపరేషన్ అయిందట కదా.'

అన్న బీరువా అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

'ఎవరు చెప్పారు?'

'ముందు ఎత్తు. చీకటి పడితే మలుపు కనపడదు.'

ఎవరు చెప్పారన్నదానికి జవాబు పాఠకుడికి తెలుసు. అమ్మే చెప్పి ఉండాలి. ఇన్నేళ్ళూ ఒకరి కబుర్లు ఇంకొకరికి మోసింది ఆవిడే. ఇకమీదట ఎవరు మోస్తారన్నది కూడా పాఠకుడికి తోస్తుంది. ఈ మాటలు కథలో ఎక్కడా రాయలేదు. ఇక్కడ మీకు వివరించి చెప్పడం కూడా నాకు కాస్త ఇబ్బందిగానే ఉంది.

నా ఇంకో ప్రతిలో మెట్ల మలుపులో బరువు జారినప్పుడు తమ్ముడు 'అన్నయ్యా, వదలకు!' అని అరుస్తాడు. ఆ కేక నాకు చాలా నచ్చింది. రెండు నెలలు ఉంచుకుని తీసేశాను. రెండు పగుళ్ళుంటే రెండోది మొదటిదాన్ని చెరిపేస్తోంది. 'ట' దగ్గర మెల్లగా తెరుచుకున్నది, కేక దగ్గరకి వచ్చేసరికి సినిమా అయిపోయింది. పిలుపు రాకుండానే కథ ముగిసింది. మీ కథలో కేకే సరైనది కావచ్చు. అప్పుడు 'ట' ని తీసెయ్యండి.

ఎక్కడ పెట్టాలి? మరీ చివర పెడితే చప్పట్లు అడిగినట్టుంటుంది. మూడింట రెండు వంతులు అయ్యాక ఎక్కడైనా పెట్టి, ఆ తర్వాత పనిని మళ్ళీ పూర్తి నిడివితో నడపండి. పగులు తర్వాత మెట్లు దిగే ఆ పేజీన్నరలోనే అసలు కదిలింపు జరుగుతుంది. అక్కడ మీరు చెయ్యాల్సింది మెట్లు లెక్కపెట్టడమే.

7. ఇక కోతలు

రెండు వారాలు పక్కన పెట్టి, పెన్ను తీసుకుని కూర్చోండి. ముందుగా వేటాడాల్సినవి: కళ్ళు చెమర్చడం, గొంతు పూడుకుపోవడం, గుండె బరువెక్కడం, పెదవులు వణకడం, నిట్టూర్పు, 'ఏదో తెలియని వెలితి'. ఇవి తప్పని కాదు. నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లోనే (మనసులోని భావం వల్ల ఒంటి మీద కనిపించే మార్పులు) కన్నీళ్ళు, వణుకు, గొంతు మారడం ఉన్నాయి. కానీ ఆ లెక్క రంగస్థలానిది. దూరంగా కూర్చున్న ప్రేక్షకుడికి కనపడాలి కాబట్టి సూచనలు పెద్దవిగా ఉండాలి. కథ చదివేవాడు పాత్రకి జానెడు దూరంలో కూర్చుంటాడు. బీరువా అంచు మీద చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ ఆగితే చాలు, అతనికి కనపడుతుంది.

తర్వాత 'గా' లు. బాధగా, దీనంగా, నిర్లిప్తంగా, భారంగా అన్నాడు. పదింటిలో తొమ్మిది పోతాయి. మిగిలినది పోకపోతే ఆ సంభాషణలోనే లోపం ఉందని అర్థం, దాన్ని మళ్ళీ రాయండి. వరసగా మూడు చుక్కలు పెట్టే అలవాటుంటే వాటినీ తీసెయ్యండి. చుక్కలంటే రచయిత పాఠకుడి వైపు తిరిగి కన్ను గీటడమే. ఆశ్చర్యార్థకాల సంగతి చెప్పనక్కర్లేదు.

అన్నిటికంటే కష్టమైన కోత పేరా చివరి వాక్యం. దృశ్యం పూర్తయ్యాక, అర్థమయిందో లేదో అన్న టెన్షన్‌తో మనం ఒక వాక్యం అదనంగా రాస్తాం. 'ఆరేళ్ళ దూరం ఒక్క క్షణంలో కరిగినట్టనిపించింది' లాంటిది. నాకు ప్రతి పేరాకీ ఒకటి దొరుకుతుంది, ఇప్పటికీ. చివరి వాక్యాన్ని వేలితో మూసి పేరా చదవండి. నష్టం లేకపోతే కొట్టెయ్యండి.

ఉపమానాలు కూడా తగ్గించండి. ముఖ్యంగా పగులు ఉన్న పేజీలో ఒక్కటి కూడా వద్దు. 'ఇది అలా ఉంది' అనగానే పాఠకుడు బీరువాని వదిలి మీ పోలిక వైపు చూస్తాడు.

8. పని అయిపోయాక ఏం చేస్తారు?

పని మీద నడిచే కథకి ముగింపు దగ్గర ఒక ప్రమాదం ఉంటుంది. బీరువా వ్యాన్‌లోకి ఎక్కింది. ఇక మాట్లాడుకోడానికి వంక లేదు. ఇక్కడ చాలామంది పాత్రల్ని కౌగిలించుకునేలా చేస్తారు, లేదా ఒకణ్ణి వెనక్కి తిరిగి చూడకుండా పంపించేస్తారు. రెండూ రచయిత తీర్పులే.

నేను పని చుట్టూనే వెతికాను. వ్యాన్‌లో బీరువా కదలకుండా తాడు కట్టాలి. తమ్ముడు కట్టాడు. లాగి చూశాడు, గట్టిగానే ఉంది. చేతులు దులుపుకున్నాడు. అప్పుడు అన్న వ్యాన్ ఎక్కి, 'ఇది సరిగ్గా లేదు' అని ఆ ముడి విప్పడం మొదలుపెట్టాడు. తమ్ముడు రెండో కొస పట్టుకున్నాడు.

అక్కడ ఆపాను. వాళ్ళు కలిశారో లేదో నాకు తెలుసు, గట్టిగా రాసిన ఆ మొదటి కాగితంలో ఉంది. కథకి అది అక్కర్లేదు. మీ ముగింపు దొరక్కపోతే, మీరు రాసిన చివరి దృశ్యం నుంచి వెనక్కి నడుస్తూ, పాత్ర చేతులు చివరిసారి ఏదైనా చేస్తున్న చోటు వెతకండి. సాధారణంగా కథ అక్కడే అయిపోయి ఉంటుంది, మిగతాది మీ ఆత్రుత.

ఇంకో మాట. అన్ని కథలకీ ఈ పద్ధతి సరిపడదు. నోరు నొక్కేసిన మనిషి మొదటిసారి అరిచే కథ ఉంటుంది. అక్కడ నిగ్రహం పాటించడమంటే మళ్ళీ నోరు నొక్కడమే. అరవనివ్వండి.

9. ఇద్దరికి చదివించండి

'ఎలా ఉంది?' అని అడగొద్దు. 'బావుంది' అంటారు, మీకేం ఉపయోగం? కథలో ఏం జరిగిందో చెప్పమనండి. అన్నదమ్ములు, ఆరేళ్ళు, అమ్మ, ఆపరేషన్, ఈ నాలుగూ వాళ్ళ నోట రావాలి. ఏదైనా రాకపోతే మీరు స్పందనతో పాటు సమాచారాన్ని కూడా దాచేశారు. మూడో అడుగుకి వెళ్ళి సరిచెయ్యండి. నాలుగూ వచ్చాయి కానీ వాళ్ళకేమీ అనిపించలేదంటే, మొదటి కాగితం తీసి చూడండి. అందులో ఉన్న గొడవ మీకే బలంగా తోచకపోతే కథని ఎంత చెక్కినా లాభం లేదు.

ఎవరైనా 'చివర్లో ముడి ఎందుకు విప్పాడు, తమ్ముడు సరిగ్గా కట్టలేదా?' అని అడిగితే వాళ్ళ మీద చిరాకు పడకండి. తాడు లాగి చూస్తే గట్టిగానే ఉందని అంతకుముందు వాక్యంలో రాశారో లేదో చూసుకోండి. నేను మొదటిసారి రాయలేదు.